ఫ్లష్ కొట్టే ముందు జవాబు ఎవరిచ్చారో చూడు

విశాఖపట్నం

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

రుషికొండ ఆఫీసులో లినక్స్ సర్వర్ల బాధ్యత నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఆ పనిలో నిన్ను ఎక్కువ తిప్పలు పెట్టేది డీఎన్‌ఎస్, అంటే మెషీన్ పేరు ఇస్తే దాని ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ. మెషీన్ ఒకటే, పేరు ఒకటే, ఒక కమాండ్‌కి దొరుకుతుంది, పక్క కమాండ్‌కి దొరకదు. అప్పుడు అందరి చెయ్యీ ముందు కాష్ ఫ్లష్ మీదకే, అంటే దాచుకున్న పాత జవాబుల్ని చెరిపెయ్యడం మీదకే పోతుంది. అలా చెయ్యకమ్మా. ఫ్లష్ కొడితే తప్పు జవాబు ఎక్కడ కూర్చుందో చెప్పే ఆధారం కూడా దాంతోపాటే పోతుంది. అప్పటికి పని నడిచినా రేపు నైట్ షిఫ్టులో మళ్ళీ అదే ఫోను వస్తుంది. ముందు ఆ జవాబు ఎవరిచ్చారో తేల్చు.

మొదట గెట్‌ఎంట్ ఏహోస్ట్స్ కొట్టి పక్కన పేరు ఇవ్వు. తర్వాత అదే పేరుకి డిగ్ కొట్టు. రెండూ ఒకే దారిలో వెళ్ళవు. పింగ్, ఎస్‌ఎస్‌హెచ్ లాంటివి లినక్స్ మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీని అడుగుతాయి. అది /ఈటీసీ/ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైల్లో హోస్ట్స్ అన్న లైను చూసి, అక్కడ రాసిన వరసలోనే వెతుకుతుంది. గెట్‌ఎంట్ వెళ్ళేదీ ఆ దారే. డిగ్‌కి ఆ వరసతో పని లేదు, నేరుగా /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌లో ఉన్న సర్వర్‌ని అడుగుతుంది. కాబట్టి డిగ్‌కి సరైన అడ్రస్ వచ్చి గెట్‌ఎంట్‌కి తప్పుడు అడ్రస్ వస్తే, బయట డీఎన్‌ఎస్ సర్వర్‌ని తిట్టుకోనక్కర్లేదు, తప్పు నీ మెషీన్‌లోనే ఉంది. ముందు /ఈటీసీ/హోస్ట్స్ చూడు. టెస్టింగ్ కోసం ఎవరో పెట్టి మర్చిపోయిన లైను అక్కడ దొరకడం చాలా మామూలు.

అదే చోట .లోకల్ పేర్ల చిక్కు కూడా ఉంటుంది. లోపలి సర్వర్‌కి బిల్లింగ్.లోకల్ అని పేరు పెడతారు. ఆ .లోకల్‌ని 2013లో మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ (సర్వర్ లేకుండా ఒకే నెట్‌వర్క్‌లోని మెషీన్లే ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి) కోసం ప్రత్యేకించారు. ఎన్‌ఎస్‌స్విచ్ లైనులో ఎండీఎన్‌ఎస్4_మినిమల్, దాని వెనక నాట్‌ఫౌండ్=రిటర్న్ ఉంటే, మల్టీకాస్ట్‌లో దొరకని పేరు అక్కడే ఆగిపోతుంది, అసలు డీఎన్‌ఎస్ దాకా వెళ్ళదు. ఆ లైను వరస మార్చి గట్టెక్కవచ్చు గానీ, మీ కంపెనీ సొంత డొమైన్ కింద పేర్లు పెట్టుకోవడమే నా దృష్టిలో అసలు మందు.

ఇక కాష్ సంగతి. జీలిబ్‌సీకి సొంత కాష్ లేదు. కాష్ చేసేది మెషీన్ మీద నడిచే ఇంకో ప్రోగ్రామ్. రిజాల్వ్.కాన్ఫ్‌లో నేమ్‌సర్వర్ 127.0.0.53 అని ఉంటే అది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ. డాకర్ కంటైనర్‌లో 127.0.0.11 కనబడితే డాకర్ సొంత సర్వర్. 127.0.0.1 అయితే డీఎన్‌ఎస్‌మాస్క్, అన్‌బౌండ్, బైండ్‌లలో ఏదో ఒకటి. ఎస్‌ఎస్ -ఎల్‌యూఎన్‌పీ కొట్టి 53 పోర్టు మీద ఎవరు కూర్చున్నారో చూస్తే పేరుతో సహా తెలుస్తుంది. పాత సర్వర్లలో ఎన్‌ఎస్‌సీడీ కూడా ఉండొచ్చు. అది పోర్టులో కనబడదు, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో విడిగా చూడాలి.

జవాబు కాష్ నుంచి వచ్చిందా అన్నది టీటీఎల్, అంటే ఆ జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె, చెప్పేస్తుంది. డిగ్ రెండుసార్లు కొట్టు, మధ్యలో కొన్ని సెకన్లు ఆగు. మొదటిసారి 287, రెండోసారి 281 కనబడితే దారిలో ఎవరో దాచిపెట్టి ఇస్తున్నారని అర్థం. అసలు సర్వర్‌ని డిగ్‌లో @ గుర్తుతో నేరుగా అడిగితే ఆ అంకె తగ్గదు, రికార్డుకి పెట్టిన టీటీఎల్ 300 అయితే ప్రతిసారీ నిండుగా 300 అనే వస్తుంది. రిజాల్వ్‌డీ ఉన్న చోట రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ కొట్టు. కొత్త వెర్షన్లలో డేటా కాష్‌దా నెట్‌వర్క్‌దా అని అదే చివర రాస్తుంది. --కాష్=నో ఇస్తే కాష్‌ని కదపకుండా బయట అడిగి వస్తుంది. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి టికెట్‌లో రాసుకున్నాకే ఫ్లష్ మాట ఎత్తు.

ఫ్లష్ కూడా ఎవరిది వాళ్ళకే. రిజాల్వ్‌డీకి రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-కాషెస్. డీఎన్‌ఎస్‌మాస్క్‌కి హప్ సిగ్నల్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. ఎన్‌ఎస్‌సీడీకి -ఐ హోస్ట్స్. బైండ్ అయితే ఆర్‌ఎన్‌డీసీ ఫ్లష్‌నేమ్‌తో ఆ ఒక్క పేరే తీసెయ్, ఆఫీసంతా వాడే కాష్‌ని ఒక పేరు కోసం ఖాళీ చెయ్యకు.

లేని పేరుకి వచ్చిన జవాబు కూడా కాష్ అవుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కొత్త సర్వర్‌కి రికార్డు పెట్టకముందే ఆత్రంగా ఎవరో పింగ్ కొడతారు. ఎన్‌ఎక్స్‌డొమైన్ అని వస్తుంది. ఆ లేదు అన్న మాటే కాష్‌లో పడుతుంది. తర్వాత రికార్డు పెట్టినా, వాళ్ళకి కొంతసేపు లేదనే వస్తూ ఉంటుంది. ఎంతసేపు అన్నది ఆ డొమైన్ మూల వివరాలుండే ఎస్‌ఓఏ రికార్డు నిర్ణయిస్తుంది: దాని టీటీఎల్, దానిలోని చివరి అంకె, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. డిగ్‌లో ఎన్‌ఎక్స్‌డొమైన్ వచ్చినప్పుడు కింద అథారిటీ సెక్షన్ చూడు. అక్కడ ఎస్‌ఓఏ పక్కన తగ్గుతున్న అంకె ఇంకా ఎన్ని సెకన్లు ఆగాలో చెబుతుంది. అందుకే రికార్డు పెట్టాక మొదటి పరీక్ష అథారిటేటివ్ సర్వర్ (ఆ డొమైన్ రికార్డులు అసలు ఉండే సర్వర్) మీదే చెయ్యి, కాష్ చేసే సర్వర్ మీద కాదు.

పేరు దొరుకుతోంది గానీ ఆలస్యమవుతోంది అంటే టైమ్ పెట్టి గెట్‌ఎంట్ కొట్టు. కచ్చితంగా 5 సెకన్ల పైచిలుకు వస్తే అది రిజాల్వ్.కాన్ఫ్ డిఫాల్ట్ టైమవుట్. మొదటి నేమ్‌సర్వర్ చచ్చిపోయి ఉంది, 5 సెకన్లు దాని కోసం ఎదురుచూసి రెండోదాని దగ్గరికి వెళ్తోంది. మన ఊళ్ళో తుపాను గాలికి లైను తెగి ఇంకో ప్రొవైడర్‌కి మారినప్పుడు పాత ప్రొవైడర్ సర్వర్ అడ్రసు అలాగే ఉండిపోతుంది, అది చూసుకో. రెండు సర్వర్లూ బాగానే ఉండి కూడా 5 సెకన్లు పడుతుంటే, ఏ (ఐపీవీ4 అడ్రస్), క్వాడ్-ఏ (ఐపీవీ6 అడ్రస్) ప్రశ్నలు రెండూ ఒకే సాకెట్ నుంచి వెళ్ళి, ఫైర్‌వాల్ ఒకదాని జవాబు పారేస్తూ ఉండొచ్చు. టీసీపీడంప్ -ఎన్ఐ ఎనీ పోర్ట్ 53 పెట్టి చూస్తే రెండు ప్రశ్నలకి ఒక్క జవాబే కనబడుతుంది. ఆప్షన్స్ లైనులో సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్ పెట్టి చూడు.

ఇంకో పెద్ద అపోహ. ఆఫీసు డీఎన్‌ఎస్, దాని కింద 8.8.8.8 రాసి, మొదటిది లేదంటే రెండోదాన్ని అడుగుతుందిలే అనుకుంటారు. అలా జరగదు. లేదు అన్నది కూడా పూర్తి జవాబే. రెండో సర్వర్ దగ్గరికి వెళ్ళేది మొదటిది పలకనప్పుడు, లేదా సర్వ్‌ఫెయిల్ లాంటి లోపం చూపినప్పుడు. రిజాల్వ్‌డీ అయితే ఒకసారి రెండోదానికి మారాక దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. గాజువాక నుంచి వీపీఎన్‌లో పనిచేసేవాళ్ళు పొద్దున దొరికిన పేరు మధ్యాహ్నం దొరకట్లేదు అంటే సాధారణంగా ఇదే. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో కరెంట్ డీఎన్‌ఎస్ సర్వర్ ఏది ఉందో చూడు. అక్కడ బయటి సర్వర్ ఉంటే దొరికిపోయినట్టే. నెట్‌వర్క్‌మేనేజర్‌లో వీపీఎన్ కనెక్షన్‌కి ఐపీవీ4.డీఎన్‌ఎస్-సెర్చ్ దగ్గర ఆఫీసు డొమైన్ ముందు ~ గుర్తు పెడితే ఆ పేర్లు ఆఫీసు సర్వర్‌కే వెళ్తాయి, మిగతావి మామూలు దారిన పోతాయి. రిజాల్వ్.కాన్ఫ్‌ని చేత్తో దిద్ది, మారకుండా ఛాట్ర్ +ఐ కొట్టి తాళం వేసే పద్ధతి మాత్రం వద్దు. ఇంకో నెట్‌వర్క్‌లోకి వెళ్ళగానే ఆ మెషీన్ కదలదు, కారణం ఎవరికీ తోచదు.

మెషీన్ సరిగ్గా ఉన్నా అప్లికేషన్ పాత అడ్రస్‌కే వెళ్తుంటే దాని కడుపులో చూడు. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, ప్రాక్సీ_పాస్‌లో నేరుగా రాసిన పేరుని మొదలైనప్పుడు ఒక్కసారే అడుగుతుంది. అడ్రస్ మారితే రీలోడ్ చెయ్యాలి. జావా మామూలుగా 30 సెకన్లు దాచుకుంటుంది, సెక్యూరిటీ మేనేజర్ ఉన్న పాత అప్లికేషన్లలో అయితే రీస్టార్ట్ చేసేదాకా వదలదు. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ఆన్‌లో ఉంటే అది ముందు అడిగేది నీ సర్వర్‌ని కాదు, బయటి సర్వర్‌ని.

సర్వ్‌ఫెయిల్ వస్తే డిగ్‌కి +సీడీ చేర్చి మళ్ళీ కొట్టు. అప్పుడు జవాబు వస్తే డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీ (జవాబు మీది డిజిటల్ సంతకం సరిచూడటం) తప్పింది. రిజాల్వర్ మెషీన్ గడియారం సరిగ్గా ఉందో లేదో ముందు చూడు.

వచ్చే నెల సర్వర్ల అడ్రస్‌లు మారుస్తున్నారట కదా. టీటీఎల్ ఇప్పుడు 86400 ఉంటే, మార్చే రోజుకి కనీసం ఒక రోజు ముందే 300కి దించు. అదే రోజు దించితే లాభం లేదు, అప్పటికే దాచుకున్నవాళ్ళ దగ్గర పాత అంకే నడుస్తుంది. మార్పు అయ్యాక రెండు రోజులు పాత అడ్రస్ మీద కూడా సర్వీసు నడవనియ్యి.

ఆదివారం ఎంవీపీ కాలనీకి వస్తే ల్యాప్‌టాప్ తెచ్చుకో, టీసీపీడంప్ అవుట్‌పుట్ చదవడం దగ్గర కూర్చోబెట్టి చూపిస్తాను.

పెదనాన్న