ల్యాండింగ్ పేజీలో సొంత కోడ్ ఎక్కడ పెట్టాలి?

పేజీ బిల్డర్‌లో (కోడ్ రాయకుండా పేజీలు తయారుచేసే సాధనంలో) తయారు చేసిన ల్యాండింగ్ పేజీకి, అంటే ప్రకటన నొక్కినవారు చేరే పేజీకి, సొంత కోడ్ చేర్చాలంటే హెడ్‌లో (పేజీ కోడ్ పైభాగంలో) పెట్టాలా, చివర పెట్టాలా, దానివల్ల ఎందరు ఫారం పంపారన్న లెక్కలు చెడతాయా అని అడిగారు. ప్రకటనల ప్రచారాల కోసం చాలాకాలంగా ఇలాంటి పేజీలు చేస్తున్నాను కనుక నా అనుభవం చెబుతాను.

ఆ కోడ్ చేసే పనిని బట్టి చోటు నిర్ణయించాలి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్, కుకీ అనుమతి అడిగే స్క్రిప్టు హెడ్‌లోనే ఉండాలి. అనుమతి స్క్రిప్టు, సందర్శనలను నమోదు చేసే ట్రాకింగ్ కోడ్ కన్నా ముందు రావాలి. చాట్ విడ్జెట్ వంటివి బాడీ (పేజీలో కనిపించే భాగపు కోడ్) చివర సరిపోతాయి. హెడ్‌లో పెట్టిన బయటి స్క్రిప్టుకు అసింక్ (డౌన్‌లోడ్ కాగానే నడువు) గాని డిఫర్ (పేజీ చదవడం ముగిశాక వరుసగా నడువు) గాని అనే సూచన లేకపోతే, అది డౌన్‌లోడై నడిచేదాకా బ్రౌజర్ ముందుకు కదలదు. ప్రకటన నొక్కి వచ్చిన మనిషికి అంతసేపూ ఖాళీ తెరే కనిపిస్తుంది. ఒకదానిపై ఒకటి ఆధారపడే స్క్రిప్టులకు డిఫర్ వాడండి, ఎందుకంటే అసింక్‌లో వరుస నిలవదు.

అసలు జాగ్రత్త పడవలసింది కన్వర్షన్ కోడ్ (సందర్శకుడు ఫారం పంపాడని ప్రకటనల వేదికకు తెలిపే కోడ్) విషయంలో. నా చేతికి వచ్చిన ఒక ప్రచారంలో పిక్సెల్ (ప్రకటనల వేదిక ఇచ్చే ట్రాకింగ్ కోడ్) బిల్డర్ సెట్టింగులలోనూ, ఇలాంటి కోడ్‌లను ఒకేచోట నడిపే ట్యాగ్ మేనేజర్‌లోనూ ఉండడంతో ప్రతి సందర్శనా రెండుసార్లు నమోదవుతోంది. పైగా కన్వర్షన్‌ను సబ్మిట్ బటన్ క్లిక్‌కు ముడిపెట్టారు. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువై, ఎర్ర అక్షరాల హెచ్చరిక చూసి వెనుదిరిగిన వారు కూడా దరఖాస్తుదారులుగా లెక్కకెక్కారు. ప్రకటనకు ఎంత ఖర్చు పెట్టాలో వేదికే నిర్ణయించే ఆటోమేటిక్ బిడ్డింగ్ ఆ లెక్కలనే నమ్ముతుంది కనుక, డబ్బు అలాంటి క్లిక్కుల వెంటే పోతుంది. ఫారం విజయవంతంగా చేరిన తరువాత బిల్డర్ ఇచ్చే ఈవెంట్‌కు (సంకేతానికి) గాని, థ్యాంక్యూ పేజీకి గాని ఆ కోడ్‌ను జతచేయడమే సరైన పద్ధతి. థ్యాంక్యూ పేజీని రిఫ్రెష్ చేస్తే మళ్లీ లెక్కపడే వీలుంది. ఒక్కో దరఖాస్తుకు ప్రత్యేక ఐడీ పంపితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

సీఎస్ఎస్ రాసేటప్పుడు బిల్డర్ పేజీలోని భాగాలకు తనంతట తాను పెట్టే క్లాసు పేర్లపై ఆధారపడకండి, పేజీని సవరించినప్పుడు అవి మారిపోవచ్చు. మీ సొంత క్లాసు పేరు ఇచ్చుకోండి.

ఎడిటర్ ప్రివ్యూలో చాలా బిల్డర్లు స్క్రిప్టులను నడపవు. అందువల్ల పేజీ పబ్లిష్ చేశాక ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో పేజీ పంపే రిక్వెస్టులను చూపే నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తూ ఫారాన్ని మీరే ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగా నింపండి. కన్వర్షన్ రిక్వెస్టు రెండోసారి మాత్రమే, అదీ ఒక్కటే వెళ్లాలి.