చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడుతోందండీ!

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మూడు వారాల క్రితం మా ఆయన జర్మన్ షెపర్డ్ పిల్లని తెచ్చారు, ఇప్పుడు దానికి పదకొండు వారాలు. మొదటి వారం బుద్ధిగానే ఉంది, తర్వాత మొదలెట్టింది కొరకడం. వాకిలి ఊడుస్తుంటే చీపురు, నడుస్తుంటే చీర కుచ్చిళ్ళు, వంట చేస్తుంటే కాలి మడమలు. మా అత్తగారైతే గదిలోంచి బయటికి రావడమే మానేశారు. పిల్లలిద్దరి చేతుల మీదా గాట్లే. పేపరు చుట్టి కొట్టమని ఒకరు, మూతి పట్టుకుని నొక్కమని ఇంకొకరు, గొలుసేసి కొబ్బరిచెట్టుకి కట్టెయ్యమని మా మామగారు. మా ఆయన మాత్రం "కాపలా కుక్క, దాని జాతే అంత" అని నవ్వేసి, సాయంత్రం రొయ్యల చెరువు నుంచి రాగానే ఉత్త చేతులతో దానితో కుస్తీ పడతారు. నాలుగు రోజుల క్రితం మా చిన్నాడి వేలికి కాస్త రక్తం కూడా వచ్చింది, వాడికి ఆరేళ్ళు. ఇది పెద్దయ్యాక ఎవర్నైనా కరుస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు చిన్నాడి వేలు సంగతి చూద్దామమ్మా. రక్తం వచ్చిందన్నారు, తర్వాత ఏం చేశారో రాయలేదు. ఇంట్లో పిల్లే కదా, పాలపళ్ళే కదా అని వదిలెయ్యకండి. కుక్కపిల్లకి రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు, అంటే మీదానికి ఇంకా పడి ఉండదు, దాని తల్లికి పడిందో లేదో మీకు తెలియదు. గాటు పడగానే సబ్బు పెట్టి కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి, కారం, సున్నం, కాఫీపొడి లాంటివి అద్దకూడదు, నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేస్తారు, రక్తం వచ్చిన గాయం కాబట్టి దాని చుట్టూ సీరం (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలా అన్నది డాక్టరు చూసి చెప్తారు. ఇంకా వెళ్ళకపోతే పత్రిక పక్కన పెట్టి వెళ్ళి రండి, ఇన్ని రోజులైపోయింది ఇంకెందుకులే అనుకోవద్దు. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

వచ్చారా? ఇప్పుడు కుక్కపిల్ల.

కరవడం వేరు, కొరకడం వేరు అని మన మాటల్లోనే తేడా ఉంది. మీది కొరుకుతోంది. దానికి చేతుల్లేవు, ఏ వస్తువు ఏమిటో చూడాలన్నా ఆడుకోవాలన్నా నోరే గతి. ఆ నోట్లో 28 పాలపళ్ళు, ఒక్కోటీ గుండుసూదే. పైగా మీ ఆయన అనుకుంటున్నట్టు ఇది కాపలా కోసం పుట్టించిన జాతి కాదు, షెపర్డ్ అంటేనే గొర్రెల కాపరి కదా. 1899లో జర్మనీలో దీన్ని ఒక జాతిగా నిలబెట్టినప్పుడు దాని పని మంద వెంట తిరుగుతూ పక్కకి పోయే గొర్రెని తరిమి మళ్ళీ మందలో కలపడం. కదిలేదాని వెంట పడటం దాని పుట్టుకలోనే ఉంది. మీరు రాసిన జాబితా మళ్ళీ చూసుకోండి, చీపురు, కుచ్చిళ్ళు, మడమలు, పరిగెత్తే పిల్లలు. కదలని వస్తువు ఒక్కటీ లేదు. దానికి మీ ఊళ్ళో గొర్రెలు దొరకలేదు, మీ అత్తగారు దొరికారు.

అందుకని ఇది పెద్దయ్యాక మనుషుల్ని కరిచే కుక్క అవుతుందని ఇప్పుడే బెంగపెట్టుకోకండి. ముందు కాళ్ళు వంచి, వెనక భాగం పైకి లేపి, ఒళ్ళంతా వదులుగా తోక ఊపుతూ వచ్చి కొరికితే అది ఆటే. ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తూ, అన్నం గిన్నె దగ్గరో, పడుకున్న చోటో గుర్రుమంటే మాత్రం మీ దగ్గర్లో ఉన్న పశువైద్యుడికి ఒకసారి చూపించండి.

ఇక మీ ఆయన కుస్తీ. పగలంతా మీరు వద్దంటారు, పొద్దుగూకేసరికి ఆయన చెయ్యి తెచ్చి దాని నోట్లో పెడతారు. ఆయన చెయ్యి చెరువు పనికి కాయలు కాసినది, దానికి నొప్పి తెలీదు. ఆరేళ్ళవాడి వేలు అలాంటిది కాదు, కుక్కపిల్లకేమో రెండూ చేతులే. నేను చెప్పానని ఆయనకి చెప్పండి, కుస్తీ మానమనట్లేదు, ఉత్త చేతులతో వద్దంటున్నాను. పాత నూలు చీర గానీ మీ మామగారి పాత పంచె గానీ మూడు పేలికలు చింపి, జడలా గట్టిగా అల్లి, బారెడు పొడుగున తాడు చెయ్యండి. ఒక కొస ఆయన చేతిలో, రెండోది దాని నోట్లో, ఇద్దరూ అలిసేదాకా లాక్కోమనండి. ఆట అవగానే తాడు తీసి పైన పెట్టెయ్యాలి, లేకపోతే కూర్చుని పీచుపీచు చేసి మింగుతుంది.

పన్ను ఒంటికి తగిలితే ఆట ఆగిపోవాలి, ఎవరితో ఆడుతున్నా సరే. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పన్ను తగలగానే చెయ్యి విసురుగా లాక్కుంటాం కదా, లాగితే చెయ్యి కదులుతుంది, కదిలితే దానికి ఇంకా హుషారు. లాక్కోకండి. చెయ్యి కదలకుండా ఉంచి, మామూలు గొంతుతో "చాలు" అని ఒక్కసారి అనండి, అది వదలగానే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. ఊరుకోదు, ఎగురుతుంది, మొరుగుతుంది, మళ్ళీ కుచ్చిళ్ళు అందుకుంటుంది. అందుకుంటే గదిలోంచి బయటికెళ్ళి తలుపు వేసెయ్యండి, ఓ అర నిమిషం చాలు, అంతకంటే ఎక్కువైతే మీరెందుకు వెళ్ళారో అది మర్చిపోతుంది. లోపలికి వచ్చాక చూడండి, తల ఒక పక్కకి వాల్చి, చెవులు వెనక్కి పెట్టి మీ మొహంలోకి చూస్తుంది, ఒక్కోసారి దానంతటదే వెనక కాళ్ళ మీద కూలబడుతుంది కూడా. అప్పుడు తాడు కొస నోటికి అందించండి. మొదటి రెండు మూడు రోజులు గంటకి ఇరవైసార్లు చెయ్యాల్సి రావచ్చు, మీకు విసుగొస్తుంది, నాకు తెలుసు. పది రోజుల్లో పన్ను తగిలినా మెత్తగా తగలడం మొదలవుతుంది, అదే మీరు గెలుస్తున్న గుర్తు.

కొందరు కెవ్వుమని అరవమంటారు, తోబుట్టువులు అలాగే చేస్తాయి కదా అని. కొన్ని పిల్లలకి పనిచేస్తుంది. కొన్నింటికి ఆ అరుపు ఈల వేసినట్టే, రెచ్చిపోతాయి. రెండుసార్లు చేసి చూడండి, రెచ్చిపోతే మానెయ్యండి.

పేపరు చుట్టి కొట్టడం, మూతి నొక్కడం, వెల్లకిలా పడేసి అదిమిపెట్టడం మూడూ వద్దు. ఈ మూడోది మీరు రాయలేదు గానీ ఎవరో ఒకరు చెప్పే తీరతారు, "నువ్వే నాయకుడివని దానికి తెలియాలి" అని. స్విట్జర్లాండులోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి 1947లో రాసిన సంగతుల దగ్గర మొదలైన కథ అది. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని ఒకే చోట పడేస్తే కొట్టుకోక ఏం చేస్తాయి? అడవిలో తోడేళ్ళ గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలూ, అంతే. కొట్టి భయపెడితే కుక్క నేర్చుకునేది మనిషి చెయ్యి మీదకొస్తే తప్పించుకోవాలని, తప్పించుకోలేకపోతే నిజంగానే కరవాలని. మీరు భయపడుతున్నది దేనికో ఆ దారినే పడతారు.

మామగారి కొబ్బరిచెట్టు సలహా కూడా పక్కన పెట్టండి. కట్టేస్తే కొరకడం తగ్గదు, కొరకడానికి దానికి మనుషులు దొరకరు, అంతే. రోజంతా కట్టేసి విప్పిన కుక్క పది నిమిషాలు ఎలా ఉంటుందో మీ వీధిలో ఏదో ఒక ఇంట్లో చూసే ఉంటారు. (కొబ్బరికాయ నెత్తిన పడే సంగతి వేరే చెప్పక్కర్లేదు.) వరండాలో ఒక మూల తడిక అడ్డం పెట్టి దానికంటూ ఒక చోటు చెయ్యండి, చల్లగా, నీళ్ళ గిన్నెతో. శిక్షకి కాదు, నిద్రకి. ఈ వయసు పిల్ల రోజుకి 18 గంటలకి తక్కువ కాకుండా పడుకోవాలి. మీ ఇంట్లో ఇంతమంది తిరుగుతుంటే, పిల్లలు బడి నుంచి వచ్చీ రాగానే లేపి ఎత్తుకుంటుంటే అది ఎప్పుడు పడుకుంటోంది చెప్పండి? సాయంత్రం ఆరూ ఏడూ మధ్య పిచ్చెక్కినట్టు పరుగులు పెట్టి కనిపించినదల్లా కొరుకుతోందంటే సగం సార్లు అది నిద్ర చాలని పసిపిల్లాడి పేచీ. ఆటకి ముందు ఒక గంట పడుకోబెట్టి చూడండి.

పిల్లలకి ఒక ఆట నేర్పండి, పేరు కొబ్బరిచెట్టు. కుక్కపిల్ల వెంటపడగానే పరిగెత్తకూడదు, అరవకూడదు, ఉన్నచోటే నిలబడి చేతులు మడిచి కిందికి చూడాలి, కొబ్బరిచెట్టులా. చెట్టు వెంట ఎవరు పడతారు? మావాడితో చేయించినప్పుడు మొదటి రోజు నవ్వు ఆపుకోలేక చెట్టు కూలిపోయింది, మూడో రోజుకి కుదిరింది. ఎంత నేర్పినా పెద్దవాళ్ళెవరూ లేకుండా ఆరేళ్ళవాడినీ దాన్నీ ఒంటరిగా వదలొద్దు.

మీ అత్తగారిని కూడా ఇందులోకి దింపండి. గదిలో కూర్చుంటే ఆవిడ ఎప్పటికీ గొర్రే. ఆవిడ చేతికి గోరంత గోరంత ఉడికించిన కోడిమాంసం ముక్కలు ఓ పది ఇవ్వండి, మాంసం ముట్టకపోతే ఇడ్లీ ముక్కలైనా సరే, తడిక ఇవతల కూర్చోమనండి. అది కూలబడితే ముక్క, ఎగిరితే ఏమీ లేదు. మాట ఏదైనా ఫర్వాలేదు, కుక్కతో అనేసరికి మనందరికీ ఇంగ్లీషు ఎక్కడినుంచి తన్నుకొస్తుందో గానీ "కూర్చో" అన్నా అది కూర్చుంటుంది. మీరు "నో", ఆయన "స్టాప్", ఆవిడ "ఛీ పో", పిల్లలు "వద్దొద్దు" అంటే మాత్రం దానికి నాలుగూ గాలిలో కలిసిపోతాయి. ఒక్క మాట అనుకుని ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. ఎగరడం కూడా ఇప్పుడే మాన్పించాలి, ఎనిమిది తొమ్మిది కిలోల పిల్ల ఎగిరితే ముద్దొస్తుంది, ఏడాది తిరిగేసరికి అదే 30 కిలోలు దాటి పెద్దావిడ మీదికి ఎగురుతుంది.

నాలుగో నెలలో పాలపళ్ళు ఊడటం మొదలై ఆరేడు నెలలకి 42 పెద్దపళ్ళు వచ్చేదాకా చిగుళ్ళ దురదకి మళ్ళీ కొరుకుడు పెరుగుతుంది, నేర్పిందంతా పోయిందని అప్పుడు కంగారుపడొద్దు. తడిపిన తువ్వాలు మెలితిప్పి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి, చల్లటి క్యారెట్ ఇవ్వండి. దొడ్లో కొబ్బరి డొక్కలు మాత్రం అందనివ్వొద్దు, పీచు మింగితే పేగుకి అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఇంకొక్కటి, దీనికి టైం తక్కువ ఉంది. కుక్కపిల్ల కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే వయసు దాదాపు 14 వారాలతో అయిపోతుంది, టీకాలు పూర్తయ్యేసరికేమో 16 వారాలు. కాబట్టి నేల మీద దింపకుండా ఎత్తుకుని తిప్పండి. కాలువ గట్టు, రైసుమిల్లు చప్పుడు, గుడి మైకు, కుదిరితే సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఒక ట్రిప్పు. కోళ్ళనీ బాతుల మందనీ దూరం నుంచి చూపించి, ఊరుకుంటే ముక్క పెట్టండి. పెద్దయ్యాక మీ పక్కింటాయన పందెం కోడి వెంట పడితే ఆ పంచాయితీ నా వల్ల కాదు.

ప్రశ్న: మేం అమలాపురంలో ఉంటాం. లాబ్రడార్ పిల్లని 35వ రోజున తెచ్చుకున్నాం, చిన్నప్పుడే తెస్తే బాగా మాలిమి అవుతుందని అమ్మినాయన అన్నాడు. ఇప్పుడు రెండు నెలలు, చెయ్యి పట్టుకుంటే వదలడం లేదు. తొందరపడ్డామా?
– ఒక పాఠకుడు

జవాబు: పడ్డారు, ఆయన మిమ్మల్ని తొందరపెట్టాడు. కుక్కపిల్లల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి దగ్గర ఉన్నప్పుడు గట్టిగా కొరికితే తోబుట్టువు ఆట మానేసి పోతుంది, తల్లి లేచి వెళ్ళిపోతుంది, ఎంత నొక్కితే నొప్పో అక్కడే తెలుస్తుంది. మీదానికి ఆ బడి మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడా పని మీరు చెయ్యాలి, పైన చెప్పిన పద్ధతే, కాకపోతే ఓపిక రెట్టింపు కావాలి. తెలిసినవాళ్ళింట్లో టీకాలన్నీ పడిన, నెమ్మదైన పెద్ద కుక్క ఉంటే వారానికి రెండుసార్లు దాని దగ్గరికి తీసుకెళ్ళండి, మీరు నెల రోజుల్లో నేర్పేది అది పది రోజుల్లో నేర్పుతుంది. టీకాల్లో లెప్టోస్పైరోసిస్‌ది (ఎలకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జబ్బు) కూడా ఉందో లేదో అడగండి, వరిచేలూ ఎలకలూ నిలవ నీళ్ళూ ఉన్న మన వైపు ఆ టీకా తప్పదు.

ప్రశ్న: భీమవరం నుంచి రాస్తున్నాను. మా షెపర్డ్‌కి నాలుగున్నర నెలలు. నిలబడిన చెవి ఒకటి మళ్ళీ వాలిపోయింది. చెవులు నిలబడాలని రోజూ రెండు మూతలు కాల్షియం టానిక్ పోస్తున్నాం, పెంచమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆపెయ్యమంటాను. పళ్ళు మారే నెలల్లో చెవి లేవడం, వాలడం మామూలే. పెద్ద జాతి పిల్ల ఒళ్ళు ఈ వయసులో కాల్షియం ఎక్కువైతే వద్దని ఆపుకోలేదు, పోసినదాంట్లో చాలా భాగం పీల్చేసుకుంటుంది. దాంతో చెవి నిలబడదు సరికదా ఎముకల ఎదుగుదల దెబ్బతిని కాళ్ళు వంకర్లు పోతాయి. పెద్ద జాతి పిల్లల కోసం తయారుచేసిన మేత పెడుతుంటే అందులో ఉన్న కాల్షియం సరిపోతుంది. ఇంటి అన్నమే పెడుతుంటే ఏమేం పెడుతున్నారో రాసుకుని పశువైద్యుడికి చూపించండి, సొంతంగా ఏదీ కలపొద్దు. ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే అది పరిగెత్తే చోట గోనెసంచులు పరవండి, కాళ్ళు జారి జారి తుంటి కీళ్ళ మీద భారం పడుతుంది. చెవి ఏడో నెలకి కూడా అలాగే ఉంటే ఫోటో పెట్టి మళ్ళీ రాయండి.