యాంటీసెన్స్ ప్రైమర్ ఆర్డరు పెట్టేముందు

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చెనిక్కాయ కాండం కుళ్ళు తెగులు పరీక్షకు ప్రైమర్లు (వైరస్ వరసకు అతుక్కుని నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. 2000లో మన జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసిన తెగులమ్మా అది. ఉన్న వైరస్‌ను లేదని చూపే పరీక్ష ఎవరికీ పనికిరాదు.

దీనికి కారణమైన పొగాకు స్ట్రీక్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ సెన్స్ పోగు, అంటే ప్రోటీన్ సంకేతాన్ని నేరుగా చదవగలిగే పోగు. సెన్స్ ప్రైమర్ అక్షరాలూ దాని అక్షరాలూ ఒకటే కాబట్టి రెండూ జతకట్టవు, సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) తయారుకాదు. అందుకే ఆ నకలు తీసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు, సెన్స్ పోగుతో జతకట్టే యాంటీసెన్స్ ప్రైమరే వెయ్యి. ఆలిగో డీటీ (అన్నీ టి అక్షరాలున్న ప్రైమర్) వద్దు, అది అతుక్కునే పాలీ-ఎ తోక (వరసగా ఎ అక్షరాలు) ఈ వైరస్‌కు లేదు.

నువ్వు తీసుకున్న ముక్క చివర, 5 ప్రైమ్ వైపు (పోగు మొదటి కొస, రెండో కొస 3 ప్రైమ్) నుంచి ఎ-టి-జి-జి-సి-ఎ-టి-టి-సి ఉందనుకో. జత అక్షరాలు (ఎకు టి, జికి సి) రాస్తే టి-ఎ-సి-సి-జి-టి-ఎ-ఎ-జి. జతకట్టే పోగులు ఎదురెదురు దిశల్లో ఉంటాయి కనుక ఇది 3 ప్రైమ్ నుంచి మొదలైన వరస. తయారుచేసేవాళ్ళు మాత్రం ఏది పంపినా 5 ప్రైమ్ నుంచే చదువుతారు. అందుకే దాన్ని వెనక నుంచి తిరగరాయి: జి-ఎ-ఎ-టి-జి-సి-సి-ఎ-టి. పంపాల్సింది ఇదే. తిప్పడం మరిచినా పొడవు, జీసీ శాతం (జి, సి అక్షరాల వాటా) మారవు కనుక తప్పు కంటికి ఆనదు. జెల్‌లో బ్యాండు (వైరస్ ఉందని చూపే గీత) రాక, ఆర్‌ఎన్‌ఏ చెడిందనుకుని వారాలు వృథా అవుతాయి. జత అక్షరాలు రెండోసారి రాస్తే అసలు వరస వచ్చింది కదా అని నమ్మకు, తిప్పకపోయినా వస్తుంది. నీ పద్ధతిని జి-ఎ-ఎ-టి-టి-సి మీద చూడు. సరిగా చేస్తే అదే వరస తిరిగి రావాలి. సి-టి-టి-ఎ-ఎ-జి వచ్చిందంటే తిప్పలేదన్నమాట.

చెనిక్కాయకు వచ్చే మరో తెగులు మొవ్వుకుళ్ళుకు ఈ లెక్క వర్తింపజెయ్యకు. ఆ వైరస్‌లో ఎన్ జన్యువు (తొడుగు ప్రోటీన్‌ది) ఎస్ ఆర్‌ఎన్‌ఏ (దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో చిన్నది) మీద యాంటీసెన్స్ రూపంలో ఉంటుంది. ఆ జీనోముకు అతుక్కునేది సెన్స్ ప్రైమరే.

మిగతావి నీకు తెలిసినవే. 18–22 అక్షరాలు, జీసీ 40–60 శాతం, రెండు ప్రైమర్ల టీఎమ్ (జత విడిపోయే వేడి) తేడా 5 డిగ్రీలలోపు. రెండింటి 3 ప్రైమ్ కొసలు ఒకదానికొకటి జతకట్టకూడదు, కడితే ప్రైమర్ డైమర్లే (ప్రైమర్లు తమలో తాము అతుక్కున్న జంటలు) మిగులుతాయి. ప్రైమర్ వచ్చిన గొట్టం మూత తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పు, లేకపోతే పొడి ఎగిరిపోతుంది. గొట్టంలోని ప్రైమర్ నానోమోల్స్‌ను 10తో గుణించి అన్ని మైక్రోలీటర్ల నీళ్ళు పోస్తే 100 మైక్రోమోలార్. దాన్ని పదింతలు పలచన చేసి, 25 మైక్రోలీటర్ల పీసీఆర్‌ (నకళ్ళను పెంచే చర్య)లో ఒక్కో ప్రైమర్ 0.5 మైక్రోలీటర్ వెయ్యి.

ప్రతిసారీ ఆరోగ్యమైన ఆకు, తెగులు ఖాయమైన ఆకు, ఉత్త నీళ్ళు, మూడూ పక్కన పెట్టు. తెగులు ఆకులోనే బ్యాండు రాకపోతే ఆ రోజు ఏ చేనుకూ ఫలితం రాయకు.

మీ పెద్దమామ