కాలేజీ సర్వర్లో సొంత పేజీ పెడితే ‘403 ఫర్బిడెన్’ ఎందుకు వస్తోంది?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ: కాలేజీ లినక్స్ సర్వర్లో అకౌంట్ ఇచ్చారు. హోమ్ డైరెక్టరీలో పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్ చేసి, అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ పెట్టారు. బ్రౌజర్లో తెరిస్తే 403 ఫర్బిడెన్ అంటోంది. ఫ్రీ హోస్టింగ్ ఇన్ని ఉండగా ఈ తంటా అవసరమా అన్నది మీ రెండో ప్రశ్న. చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటి పేజీ పెట్టుకున్నాను. ఆ తర్వాత ల్యాబ్ సర్వర్ చూసుకునే పని కూడా కొన్నాళ్లు నా నెత్తిన పడింది. అప్పట్లో నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ 403 గురించే.

ముందు ఒక మంచి మాట. మీకు 404 (పేజీ దొరకలేదు) రాలేదు, 403 వచ్చింది. 404 వస్తే ఫోల్డర్ పేరు తప్పు పడిందో, యూజర్ పేజీల సదుపాయాన్నే అడ్మిన్ ఆన్ చేయలేదో వెతుక్కోవాలి. 403 అంటే సర్వర్‌కి మీ చిరునామా తెలిసింది, లోపలికి వెళ్లడానికి అనుమతి దొరకలేదు. ఇండెక్స్ ఫైల్ లేకపోయినా, దాని పేరు తప్పు పడినా ఇదే 403 రావచ్చు కాబట్టి ఆ పేరు ఒకసారి సరిచూసుకోండి. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో సేవ్ చేసినప్పుడు చివర .టీఎక్స్‌టీ తగులుకుని, అది మనకు కనబడకుండా ఉండటం మామూలే.

పేరు బాగానే ఉంటే మిగిలింది పర్మిషన్లు. వెబ్ సర్వర్ ప్రోగ్రాం, చాలా చోట్ల అపాచీ, మీ పేరు మీద నడవదు. దానికి వేరే యూజర్ ఉంటాడు. మీ ఫైళ్ల దృష్టిలో ఆ యూజర్ ‘ఇతరులు’ అనే గుంపులో ఒకడు. మీ ఫైల్ చదవాలంటే అతను హోమ్ డైరెక్టరీ దాటాలి, పబ్లిక్ ఫోల్డర్లోకి రావాలి, ఆ తర్వాత ఫైల్ తెరవాలి. అందరూ ఫైల్‌కి 644, ఫోల్డర్‌కి 755 ఇచ్చి ఊరుకుంటారు (ఈ అంకెల లెక్క కింద చెప్తాను). హోమ్ డైరెక్టరీ మాత్రం చాలాసార్లు 700 లోనే, అంటే మీకు తప్ప ఎవరికీ అనుమతి లేకుండా, ఉంటుంది. గది తలుపు తీసి వీధి తలుపుకి గడియ పెట్టినట్టన్నమాట.

సర్వర్లో లాగిన్ అయి ఎల్ఎస్ -ఎల్‌డి అని కొట్టి, హోమ్ డైరెక్టరీ పేరు ఇవ్వండి. లైన్ మొదట్లో డి, ఆర్, డబ్ల్యూ, ఎక్స్, వాటి పక్కన వరసగా ఆరు అడ్డగీతలు కనబడితే దొంగ దొరికినట్టే. ఆ ఆరు గీతలకీ అర్థం గ్రూప్‌కీ ఇతరులకీ ఏ అనుమతీ లేదని. పర్మిషన్లు మార్చే కమాండ్ సీహెచ్‌మోడ్. దానితో హోమ్ డైరెక్టరీకి 711 ఇవ్వండి. చదవడానికి 4, రాయడానికి 2, ఎక్స్‌కి 1, వీటి మొత్తమే ఆ అంకెలు. మొదటి అంకె మీకు, రెండోది గ్రూప్‌కి, మూడోది ఇతరులకి. ఫైల్ మీద ఎక్స్ అంటే ప్రోగ్రాంలా నడపడం. డైరెక్టరీ మీద ఎక్స్ అంటే దాని గుండా దాటి వెళ్లడం. 711 ఇస్తే ఇతరులు దాటి వెళ్లగలరు, లోపల ఏయే ఫైళ్లున్నాయో జాబితా మాత్రం చూడలేరు. మీకు కావలసింది సరిగ్గా అదే.

ఇక్కడ చాలామంది చెప్పకుండా వదిలేసే విషయం ఒకటుంది. 711 లో జాబితా కనబడదు గానీ, పేరు ఊహించగలిగితే ఫైల్ అందుతుంది. అదే సర్వర్లో మీ క్లాసు వాళ్లందరికీ అకౌంట్లుంటాయి. హోమ్‌లో 644 తో పడున్న అసైన్‌మెంట్1.సి లాంటి పేరు ఊహించడం ఎంతసేపు? అందుకని హోమ్‌ని 711 చేసే ముందు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ తప్ప మిగతా ఫోల్డర్లన్నిటికీ 700, విడిగా ఉన్న ఫైళ్లకి 600 ఇచ్చేయండి.

అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే 777 జోలికి మాత్రం వెళ్లకండి. నెట్‌లో ఏ మూల వెతికినా ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తూనే ఉంటారు. మా జూనియర్ ఒకడు విసుగొచ్చి లోపలున్న వాటన్నిటికీ వర్తించేలా -ఆర్ తగిలించి హోమ్ మొత్తానికి 777 కొట్టాడు. పేజీ వెంటనే వచ్చింది, వాడు తెగ సంబరపడ్డాడు. సాయంత్రం ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్ కీతో (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి పాస్‌వర్డ్ బదులు వాడేది) లాగిన్ అవ్వబోతే సర్వర్ ఒప్పుకోలేదు. హోమ్ డైరెక్టరీలో ఎవరైనా రాయగలిగే స్థితి ఉంటే అందులోని కీని ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నమ్మదు, మామూలుగా దాని సెట్టింగ్ అలానే ఉంటుంది. నా పేజీ తెరుచుకుంది గానీ నాకే తలుపులు మూసుకున్నాయని వాడు ఒకటే గోల. హోమ్‌ని 711 కీ, కీ ఉన్న డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌ని 700 కీ, అందులోని ఫైళ్లను 600 కీ మార్చాక గానీ దారికి రాలేదు.

నిన్న బాగానే ఉన్న పేజీలో ఈ రోజు పెట్టిన ఫొటో మాత్రం రాకపోతే అది చాలావరకు యూమాస్క్ పని, అంటే కొత్త ఫైళ్లకి ఏ అనుమతులు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగ్. కొన్ని సర్వర్లలో యూమాస్క్ 077 ఉంటుంది. అంటే మీరు పెట్టే ప్రతి కొత్త ఫైలూ 600 తోనే పుడుతుంది. అప్‌లోడ్ చేసిన ప్రతిసారీ 644 ఇవ్వడం అలవాటు చేసుకోండి. అప్‌లోడ్ చేయడానికి వాడే ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ లాంటి వాటిలో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసినా ఆ అంకె మార్చుకోవచ్చు.

ఫొటో పర్మిషన్ సరిగ్గానే ఉన్నా రాకపోతే పేరులో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు చూడండి. విండోస్‌కి ఆ తేడా పట్టదు, లినక్స్‌కి పడుతుంది. ఇంకో సంగతి, లింకుని స్లాష్‌తో మొదలుపెట్టకండి. మీ చిరునామాలో టిల్డ్ (~) గుర్తు, దాని పక్కన మీ యూజర్‌నేమ్ ఉంటాయి కదా (యూనిక్స్ షెల్‌లో టిల్డ్ అంటే హోమ్ డైరెక్టరీ, ఆ అలవాటే వెబ్‌కీ వచ్చింది). స్లాష్‌తో మొదలైన లింకు మీ ఫోల్డర్లో వెతకదు, తిన్నగా కాలేజీ వెబ్‌సైట్ మొదటికి పోతుంది. స్లాష్ లేకుండా ఇమేజెస్/ఫొటో అని రాస్తే ఇక్కడా పనిచేస్తుంది, రేపు వేరే చోటికి మార్చినా పనిచేస్తుంది.

తెలుగులో రాయాలనుకుంటే హెడ్ ట్యాగ్ మొదట్లోనే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని పెట్టండి. యూటీఎఫ్-8 లో తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తయినా ఒక్కోటీ 3 బైట్లు. బ్రౌజర్ వాటిని విడివిడిగా లాటిన్ అక్షరాలనుకుంటే, నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, పేజీ నిండా ఇవే వస్తాయి. అవి కనబడితే ఫాంట్ల కోసం వెతకడం వృథా. మెటా ట్యాగ్ ఉన్నా అలాగే వస్తుంటే సర్వరే పేజీకి ముందు పంపే వివరాల్లో, అంటే హెడర్లో, వేరే చార్‌సెట్ పంపుతోందని అర్థం. బ్రౌజర్ హెడర్ మాటే ముందు వింటుంది. మీ ఫోల్డర్లోనే పెట్టుకునే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైల్లో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక లైన్ రాస్తే సరిపోతుంది, అడ్మిన్ ఆ ఫైల్‌ని అనుమతించి ఉంటే.

ఇక ఈ తంటా అవసరమా అన్నారు. రెజ్యూమేలో ఇవ్వడానికి శాశ్వతమైన లింకు కావాలంటే అవసరం లేదు, గిట్‌హబ్ పేజెస్ అనే ఫ్రీ హోస్టింగ్‌లో పెట్టుకోండి. కాలేజీ అకౌంట్ కోర్సుతో పాటే పోతుంది, చాలా చోట్ల ముందు చెప్పను కూడా చెప్పరు. కానీ సర్వర్ అంటే ఏమిటో చేత్తో తెలుసుకోవాలంటే దీన్ని మించింది నాకు కనబడలేదు. ఫ్రీ హోస్టింగ్‌లో బటన్ నొక్కితే పేజీ వచ్చేస్తుంది, ఎందుకు వచ్చిందో తెలియదు. నేనైతే రెండూ చేయమంటాను. అసలు కాపీ మీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి, సర్వర్లో ఉన్నది దాని నకలు మాత్రమే అనుకోండి. ఫోన్ నంబర్, మార్కుల షీటు లాంటివి అందులో పెట్టకండి. ఎక్కడా లింకు ఇవ్వకపోయినా, ఇండెక్స్ ఫైల్ లేని ఫోల్డర్లో ఉన్నవన్నీ కొన్ని సర్వర్లు జాబితా వేసి మరీ చూపిస్తాయి.

అన్నీ సరిచేశాక కూడా 403 పోకపోతే తప్పు మీ వైపు ఉండకపోవచ్చు. రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లలో ఎస్ఈలినక్స్ అని ఇంకో కాపలా ఉంటుంది. హోమ్ డైరెక్టరీలను వెబ్ సర్వర్ చదవడానికి అందులో విడిగా ఒక స్విచ్ ఆన్ చేయాలి, అది అడ్మిన్ చేతిలోనే ఉంటుంది. ఆయనకి ‘సార్, పేజీ రావట్లేదు’ అని మెయిల్ పెడితే వారమైనా కదలదు. చిరునామా, మీరు ప్రయత్నించిన టైమ్, హోమ్‌కీ పబ్లిక్ ఫోల్డర్‌కీ ఫైల్‌కీ ఎల్ఎస్ -ఎల్‌డి చూపించిన మూడు లైన్లూ రాయండి. ఆ టైమ్ పట్టుకుని ఎర్రర్ లాగ్ చూస్తే ఆయనకి కారణం అక్కడే కనబడుతుంది. మెయిల్ పెట్టే ముందు కావాలంటే ఆ మూడు లైన్లూ, యూజర్‌నేమ్ తీసేసి, ఇక్కడ కూడా పెట్టండి, చూసి చెప్తాను.