ఢిల్లీ యాత్రకు పిల్లలు రామంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. ఢిల్లీ చూడాలన్నది మావారికి చిన్ననాటి కోరిక. రెండేళ్లుగా డబ్బు కూడబెట్టి, ఈ దసరా సెలవుల్లో ఐదు రోజుల యాత్రకు రైలు టికెట్లు తీసుకున్నారు. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఇద్దరూ రామంటున్నారు. "మీరిద్దరూ వెళ్లిరండి, మేం అమ్మమ్మ దగ్గర ఉంటాం" అంటున్నారు. సద్దుల బతుకమ్మకు ఊళ్లో లేకుండా చేస్తున్నారని అమ్మాయి ఏడ్చింది కూడా. గతంలో మైసూరు వెళ్లినప్పుడు రాజభవనం ముందు ఫొటోకు నిలబడనని అది మొండికేసింది. ఆ కోపం ఆయనకు ఇంకా పోలేదు. "మీ కోసమే కదా ఇంత ఖర్చు" అని రోజూ అంటున్నారు. పిల్లలను ఎలా ఒప్పించమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్నీ, దానితోపాటు పంపిన ఐదు రోజుల కార్యక్రమాన్నీ శ్రద్ధగా చదివాను. ఒప్పించే మార్గం చెప్పమని అడిగారు గానీ, అంతకంటే ముందు మీ అమ్మాయి ఎందుకు రానంటున్నదో మీరే రాసిన ఒక వాక్యం దగ్గర ఆగవలసి ఉంది. హనుమకొండలో పుట్టి పెరిగిన పదహారేళ్ల పిల్లకు సద్దుల బతుకమ్మ రోజు ఎంత పెద్దదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఏడాదంతా తెల్లవారుజామున లేచి కాలేజీకి పరుగెత్తే అమ్మాయికి, చిన్ననాటి స్నేహితురాళ్లందరితో కలిసి వేయిస్తంభాల గుడి దగ్గర ఆడిపాడే సాయంత్రం అదొక్కటే మిగిలి ఉండవచ్చు. టికెట్లు తీసుకునే ముందు ఆ తేదీ గురించి ఆమెను అడిగినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు. కాబట్టి ఆమె కన్నీళ్లను మొండితనంగా లెక్కకట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

వీలుంటే టికెట్లు మార్చుకోండి. సద్దుల బతుకమ్మ ముగిశాక మర్నాడు ఉదయం కాజీపేటలో రైలెక్కితే దసరా నాటి ఉదయానికి ఢిల్లీ చేరవచ్చు. ఆ సాయంత్రం నగరమంతటా మైదానాల్లో రావణ దహనం జరుగుతుంది. మన వైపు జమ్మి చెట్టు దగ్గర జరిగే పండుగకు అలవాటుపడ్డ పిల్లలకు అదే ఒక కొత్త దసరా అవుతుంది. సెలవులు చాలక యాత్ర మూడు రోజులకు కుదించవలసి వచ్చినా నష్టం లేదు. టికెట్లు మార్చడం ఏ విధంగానూ కుదరకపోతే, మీ వారే అమ్మాయి పక్కన కూర్చుని "నిన్ను అడగకుండా తీసుకున్నాను, అది నా పొరపాటు" అని స్పష్టంగా చెప్పాలి. ఆ మాట తండ్రి నోట రావాలి, మీరు మధ్యవర్తిగా చేరవేస్తే సరిపోదు.

ఇక మీ వారి కార్యక్రమం. ఐదు రోజుల్లో 22 స్థలాలు రాశారు. చూడాలన్న ఆయన తపన నాకు అర్థమవుతున్నది, ఆ తపన పట్ల గౌరవమూ ఉన్నది. అయితే సోమవారం నాడు ఎర్రకోట, జాతీయ మ్యూజియం, అక్షరధామ్ పెట్టుకున్నారు. ఆ మూడూ సోమవారం మూసి ఉంటాయి. ఈ సంగతి పిల్లలకు అప్పగించి ఉంటే పది నిమిషాల్లో కనిపెట్టేవారు. పిల్లలను యాత్రలో భాగస్వాములను చేయడం అంటే సలహా అడిగినట్లు నటించడం కాదు, నిజంగా ఆధారపడవలసిన పనిని వారి చేతుల్లో పెట్టడం. కార్యక్రమాన్ని తిరిగి వేసే పని మీ అమ్మాయికి ఇవ్వండి. రోజుకు రెండు స్థలాలకు మించకూడదనీ, నాన్న తప్పక చూడాలనుకున్న నాలుగింటినీ ఉంచాలనీ, మిగిలినవి తన ఇష్టమనీ చెప్పండి. ఆగ్రాకు ఈసారి వెళ్లవద్దనే నేను చెబుతాను.

అబ్బాయికి మెట్రో అప్పగించండి. మీ బస కరోల్ బాగ్‌లో అన్నారు. అక్కడ బ్లూ లైన్ ఎక్కి రాజీవ్ చౌక్‌లో యెల్లో లైన్‌కు మారితే ఒక వైపు చాందినీ చౌక్, మరో వైపు కుతుబ్ మీనార్ వస్తాయి. ఎక్కడ దిగాలి, ఏ వైపు రైలెక్కాలి అన్నది వాడే చెప్పాలి, మీరిద్దరూ వాడి వెనక నడవాలి. ఒకసారి తప్పు రైలు ఎక్కించినా మహా అయితే పావుగంట పోతుంది, ఆ పావుగంటలో మీ వారు ఒక్క మాటా అనకుండా ఉండటం ముఖ్యం.

ఉదయం ఆరింటికే లేపాలని రాసిన నియమం తీసేయండి. కౌమారంలో నిద్ర వేళలు సహజంగానే వెనక్కి జరుగుతాయి, రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం, పొద్దున మెలకువ రాకపోవడం బద్ధకం కాదు. తండ్రి తెల్లవారగానే ఇండియా గేట్ వైపు వెళ్లి రావచ్చు. పిల్లలు తొమ్మిదింటికి లేచి టిఫిన్ దగ్గర కలుస్తారు. నలుగురూ ప్రతి నిమిషం కలిసే ఉండాలన్న పట్టుదల చాలా కుటుంబాల యాత్రలను పాడుచేయడం నేను చూశాను. మా అబ్బాయి పద్నాలుగేళ్ల వయసులో ఉండగా మేమూ అలాగే చేశాం. వాడు గోల్కొండ కోట మెట్ల మీద కూర్చుండిపోయి, ఇంటికి వచ్చాక రెండు రోజులు మాతో మాట్లాడలేదు. వాడికి ఆ రోజు జ్వరం వచ్చిందని మాకు రాత్రి గానీ తెలియలేదు. అందుకే ఇంకొకటి అడుగుతున్నాను: యాత్ర తేదీల్లో అమ్మాయికి నెలసరి వచ్చే వీలుందేమో మీరు ఏకాంతంగా అడిగారా? కోటల్లో గంటల తరబడి తిరగడమన్నది ఆ రోజుల్లో ఆమెకు భయం కలిగించవచ్చు, ఆ భయాన్ని తండ్రి ముందు, తమ్ముడి ముందు ఆమె చెప్పుకోలేకపోవచ్చు.

ఫొటోల విషయం చిన్నదిగా తోస్తుంది గానీ, మీ ఇంటి గొడవకు అసలు మూలం అక్కడే ఉన్నదని నాకనిపిస్తున్నది. మైసూరు ఫొటోలు ఆ సాయంత్రమే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారని, మేనత్త "అమ్మాయి బాగా లావైంది, నల్లబడింది" అని రాసిందని మీరే చెప్పారు. ఆ మాట అందరూ నవ్వి మరిచిపోయి ఉంటారు, ఆ పిల్ల మరిచిపోదు. తన శరీరం తనకే కొత్తగా ఉన్న వయసులో, ముప్పై మంది పెద్దవాళ్లు దాని మీద తీర్పులు రాస్తుంటే కెమెరా ముందుకు రావడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆమె అనుమతి లేకుండా ఏ ఫొటో ఎవరికీ పంపబోమని బయలుదేరే ముందే మాటివ్వండి, తిరిగి వచ్చాక కూడా ఆ మాట మీద నిలబడండి. మేనత్తకు సమాధానం చెప్పవలసినది కూడా మీ వారే.

"మీ కోసమే ఇంత ఖర్చు" అన్న మాట ఇంట్లో వినపడకూడదు. అది నిజం కూడా కాదు కదా. ఆయన తన కోసం వెళుతున్నారు, అందులో తప్పేమీ లేదు. "చిన్నప్పటి నుంచి ఎర్రకోట చూడాలని నా ఆశ, మీరు పక్కన ఉంటే నాకు సంతోషం" అని ఆయన నోటితో చెబితే, పిల్లలు ఆ మాటను కాదనడం కష్టం. అప్పు తీర్చమన్నట్టు వినిపించే మాటకే వారు ఎదురు తిరుగుతున్నారు.

పాతకాలపు ఖగోళ వేధశాల అయిన జంతర్ మంతర్‌లో ఆగితే అమ్మాయికి నచ్చవచ్చు. 1724లో సవాయి జైసింగ్ కట్టించిన సామ్రాట్ యంత్రం ఒక పెద్ద నీడ గడియారం, దాని ఏటవాలు గోడ భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. అయితే అక్కడ నిలబెట్టి త్రికోణమితి ప్రశ్నలు అడగవద్దని మీ వారికి గట్టిగా చెప్పండి. ఆమె తనంతట తాను అడిగితేనే చెప్పాలి.

ఉత్తరం చివర, డిగ్రీలో చరిత్ర చదివాననీ, ఇంట్లో ఆ సంగతి ఎవరికీ గుర్తులేదనీ ఒక్క ముక్క రాశారు. మీరేం చూడాలనుకుంటున్నారో మాత్రం ఎక్కడా లేదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలిస్తుండగా ఆయన దారిలోనే మరణించాడని మీకు తెలుసు. అదే కాలంలో కాకతీయుల కొలువు నుంచి ఢిల్లీ చేరి, మతం మారి, ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరైన మాలిక్ మక్బూల్ పేరు పక్కన చరిత్రకారులు "తిలంగాణీ" అని రాశారు. ఆయన కొడుకు జునాన్ షా కట్టించినదని చెప్పే ఖిర్కీ మసీదు మాల్వీయ నగర్ మెట్రో స్టేషన్‌కు దగ్గరలోనే ఉంది. జాలీ కిటికీల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పెద్ద రద్దీ ఉండదు. రోడ్డుకు అవతలే మీ అబ్బాయి అడిగిన పెద్ద మాల్స్ ఉన్నాయి. ఒక సాయంత్రం మిగిలిన ముగ్గురినీ అటు పంపి, మీరు ఆ మసీదు లోపల మీకు కావలసినంతసేపు ఉండండి. పిల్లలు వెంట వస్తామంటే రానివ్వండి, రాకపోయినా మీరు వెళ్లడం మానకండి.