మెట్ల కింద మూడడుగుల జాగాలో లెట్రిన్ పట్టుద్దా? మా కావలి ఇంట్లో పట్టింది

మీ ప్రశ్న ఇదీ: ఒంగోల్లో సొంతిల్లు, లెట్రిన్ పెరట్లో దూరంగా ఉంది, నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది. కింద ఇంట్లో ఖాళీ అంటూ ఉన్నది మెట్ల కింద 3 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు. వెనక ల్యాండింగ్ (మెట్లు మలుపు తిరిగే చోట ఉండే చదును స్లాబు) కింద ఎత్తు నాలుగున్నర అడుగులే. ప్లంబర్ వచ్చి చూసి "తల తగులుద్ది సార్, అయ్యే పని కాదు" అని వెళ్ళిపోయాడు.

అవుద్ది. కావలిలో మా అమ్మ కోసం ఇట్టాంటి జాగాలోనే కట్టించాం, రోజూ వాడుతోంది. అట్టని మీ ప్లంబర్ చెప్పింది అబద్ధం కూడా కాదు. అందరూ చేసే మాదిరి కమోడ్‌ను తీసుకుపోయి వెనక గోడకు ఆనిస్తే తల తగిలి తీరుద్ది. జాగా వరకైతే మీకు దండిగా ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ (ఇళ్ళ కట్టుబడికి దేశమంతటికీ ఉన్న ప్రమాణాల పుస్తకం) ఒట్టి లెట్రిన్‌కు అడిగేది కనీసం 1.1 చదరపు మీటర్లు, వెడల్పు 0.9 మీటరు. అంటే దగ్గర దగ్గర 3 అడుగులకు 4 అడుగులు. ఎత్తు మాత్రం 2.1 మీటర్లు ఉండాలంటుంది, మెట్ల కింద అది ముందు భాగంలోనే దొరుకుద్ది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మనిషి లేచి నిలబడేటప్పుడు తల ఎక్కడికొస్తుంది, పైపు ఎటు పోతుంది. టైల్సు, కమోడ్ మోడలు, రంగు, అవన్నీ ఆ తర్వాత.

తల సంగతి. కూర్చున్నప్పుడు ఇబ్బంది ఉండదు. కమోడ్ సీటు 16 అంగుళాలు, దాని మీద కూర్చున్న మనిషి నెత్తి నేల నుంచి నాలుగు, నాలుగుంపావు అడుగుల ఎత్తులో ఉంటుంది. చిక్కల్లా లేచేటప్పుడే. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు నిటారుగా లేవరు. ముందుకు వంగి, చేత్తో ఏదో ఒకటి పట్టుకుని, తలను ముందుకు తోసి లేస్తారు. అందుకని మేము కమోడ్ కొనకముందే నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి లేవమన్నాం. బేల్దారి మేస్త్రి పక్కన నిలబడి, లేచేటప్పుడు ఆమె నెత్తి ఎక్కడెక్కడికి పోయిందో గోడ మీద బొగ్గుతో గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు చూస్తేనే తెలిసిపోయింది, కమోడ్ వెనక గోడ దగ్గర పనికిరాదని.

మీ మెట్టు ఆరంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు అనుకుందాం. ల్యాండింగ్ అంచు నుంచి అడుగు ముందుకొస్తే ఏడంగుళాల ఎత్తు కలిసొస్తుంది. రెండున్నర అడుగులు వస్తే మొత్తం ఎత్తు ఆరడుగులు అవుతుంది. నాన్నగారు లేచి నిలబడేది అక్కడ కావాలి. ల్యాండింగ్ వెడల్పు 3 అడుగులైతే ఆ చోటు వెనక గోడకు ఐదున్నర అడుగుల దూరం. కమోడ్‌కు రెండుంపావు అడుగులు, పాదాలకు ఇంకొంచెం తీసేస్తే, కమోడ్ వెనక భాగం వెనక గోడకు రెండున్నర అడుగుల ముందు ఉండాలి. కూర్చున్న మనిషి ముఖం స్లాబు ఎత్తుగా ఉన్న వైపుకు, వీపు స్లాబు కిందికున్న వైపుకు. కమోడ్ వెనకాల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటి లేపేయండి. దాని వెనక మిగిలిన గూడు వృథా అయిపోయిందని బాధపడొద్దు, మీ పైపు పోయేది దాంట్లోనే.

ఇక పైపు. ఎస్ ట్రాప్ కమోడ్ తీసుకుంటే దాని కాలువ నేలలోకి దిగుతుంది. అంటే గచ్చు పగలగొట్టాలి, మట్టి తవ్వాలి, పునాది మీది ప్లింత్ బీము కింద నుంచి పైపు దూర్చాలి. మేస్త్రీలు ఈ పని సులువుగా చెప్తారు, "బీముకు చిన్న బొక్క కొడితే ఏం కాదు సార్" అంటారు. ఆ మాటకు ఒప్పుకోవద్దు. ఇల్లంతా మోసే ఇనుము ఉన్న చోటది. పీ ట్రాప్ కమోడ్ అయితే కాలువ వెనక్కి వస్తుంది, నేలకు సుమారు 7 అంగుళాల ఎత్తులో. ఆ వెనక గూట్లో పైపు నేల మీదనే నడిచి, బయటి గోడకు బొక్క వేసి అవతలికి పోతుంది. గచ్చు ముట్టుకునే పనే లేదు. గూటికి పక్క నుంచి చిన్న పీవీసీ తలుపు పెట్టించండి, రేపు అడ్డుపడితే అక్కడ నుంచి మూత విప్పి పొడుచుకోవచ్చు.

110 ఎంఎం పైపుకు అడుక్కు పావంగుళం వాలు ఇవ్వాలి. సెప్టిక్ ట్యాంకు 24 అడుగుల దూరంలో ఉంటే ఆరంగుళాల దిగుడు. ఈ లెక్క కుదురుద్దో లేదో, పలుగు పట్టకముందే ట్యాంకు మూత తీయించి, లోపలికొచ్చే పైపు ఎంత లోతులో ఉందో కొలిపించండి. మలుపు దగ్గర ఒకే 90 డిగ్రీల బెండు కాకుండా 45 డిగ్రీలవి రెండు వేయమనండి, అక్కడే ఒక చాంబర్, అంటే మూత తీసి చూసుకునే చిన్న ఇటుక తొట్టి, కట్టించండి. ఇంకొకటి, చాలా ఇళ్ళల్లో మంచినీళ్ళ సంపు కూడా మెట్ల పక్కనే ఉంటుంది. మురుగు పైపు సంపు మీదుగా కానీ ఆనుకుని కానీ పోకూడదు. చుట్టు తిప్పినా పర్లేదు. కొత్తగా ఇంకుడు గుంత తవ్వే పనైతే బోరుకు, బావికి 18 మీటర్ల దూరం ఉండాలని ప్రమాణం. చిన్న స్థలాల్లో అంత దూరం దొరకదు, నాకు తెలుసు. అట్టాంటప్పుడు కొత్త గుంత జోలికి పోకుండా ఉన్న ట్యాంకుకే కలుపుకోవటం మేలు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది వానాకాలం గురించి. హైదరాబాదు వాళ్ళకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడితే మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి. నేల తడిసి ముద్దయి గుంతలో నీళ్ళు ఇంకవు, ట్యాంకు నిండిపోతుంది. అప్పుడు ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కమోడే ముందు పొంగుద్ది. మేడ మీద వాళ్ళు ఫ్లష్ కొడితే కింద గుడగుడమంటుంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నెల్లూరులో ఏటి ఒడ్డున ఉండే మా చుట్టాల ఇంట్లోకి వాకిలి దాటి నీళ్ళు రాకముందే లెట్రిన్‌లోంచి వచ్చాయి. అంత వరదకు ఎవరూ ఏం చెయ్యలేరనుకోండి. మామూలు ముసురుకు మాత్రం మూడు జాగ్రత్తలు చాలు. పై అంతస్తు పైపు, మీ కింది పైపు ఒకదాంట్లో ఒకటి కలపకుండా విడివిడిగా చాంబర్‌లోకి వదలండి. బయట చాంబర్ మూత కంటే లోపల కమోడ్ అంచు బాగా ఎత్తులో ఉండేటట్టు చూసుకోండి, పొంగితే బయటే పొంగుద్ది, ఇంట్లోకి రాదు. మీ వీధి పల్లంలో ఉంటే నీళ్ళను వెనక్కి రానియ్యని నాన్ రిటర్న్ వాల్వు ఒకటి వేయించండి, దాన్ని దసరాకు ముందు ఒకసారి విప్పి కడగాలి, లేకపోతే అదే అడ్డుపడుద్ది.

నేల కడిగిన నీళ్ళు పోయేదానికి నహానీ ట్రాప్ కావాలి కదా అంటారు. కావాలి. లోపలి గచ్చును మూడంగుళాలు లేపితే ఆ ఎత్తులోనే చిన్న పైపు బయటికి పోతుంది. కానీ ఆ మూడంగుళాలు తల దగ్గర కోతపడతాయి, గడప దగ్గర మెట్టు తయారవుతుంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి మూడంగుళాల మెట్టు చిన్నదేం కాదు. మేము గచ్చు లేపలేదు. ట్రాప్ పట్టేంత మేర ఒక్క మూల మాత్రం తవ్వి, బీము కింద నుంచి రెండున్నర అంగుళాల పైపు లాగాం. మేస్త్రి సణిగాడు, చేశాడు. వాడకం తక్కువైతే ఆ ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోయి వాసన కొడుతుంది, రెండు మూడు రోజులకొకసారి ఒక చెంబెడు నీళ్ళు పొయ్యండి.

గోడకు వేలాడే కమోడ్, గోడ లోపల దాచే ఫ్లష్ ట్యాంకు చూడ్డానికి బాగుంటాయి, జాగా కూడా కొంచెం మిగులుద్ది. నేనైతే వద్దంటాను. మన బోరు నీళ్ళ సంగతి మీకు తెలియంది కాదు, ఒంగోలు దాటి పొదిలి, కనిగిరి వైపు పోతే ఇంకా కటువు. వాల్వుల్లో తెల్లగా సున్నం గట్టిపడుద్ది. బయట కనిపించే ప్లాస్టిక్ ట్యాంకుకైతే సామాను ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుద్ది, పావుగంటలో మార్చేస్తారు.

తలుపు లోపలికి తెరుచుకునేది అసలు వద్దు. మనిషి లోపల పడితే ఒళ్ళే తలుపుకు అడ్డమై తీయలేం. బయటికి తెరిచేదో, పక్కకు జరిపేదో పెట్టండి, వెడల్పు రెండున్నర అడుగులు, గడియ బయట నుంచి కూడా తీసేటట్టు ఉండాలి. మీ జాగాలో తలుపు పొడుగు వైపున, కమోడ్‌కు ఎదురు భాగంలో వస్తుంది. అక్కడ ఎత్తు ఆరడుగులే, దానికి తగ్గట్టు తలుపు కోయించుకోండి. గడప కట్టొద్దు. చీమకుర్తి మీకు పక్కనే కాబట్టి ఫ్యాక్టరీల దగ్గర నల్ల గ్రానైటు ముక్కలు అగ్గువగా దొరుకుతాయి, అంచు చరిమి ఒక పట్టీ నేలకు సమంగా పరిపిస్తే కాలికి తగలదు. నేల మీద మాత్రం ఆ పాలిష్ రాయి వద్దు, తడిస్తే జారుద్ది. గరుకు టైల్సు వేయండి.

పట్టుకునే స్టీలు కడ్డీని లావు గోడకు, అంటే తొమ్మిదంగుళాల గోడకు బిగించాలి. మెట్ల స్లాబుకు మేకు కూడా కొట్టనివ్వొద్దు. స్లాబు అడుగున ఇనుము పైపైనే ఉంటుంది, పగిలితే తడికి తుప్పు పట్టుద్ది. గాలికి ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను బయటి గోడకు పెట్టి, లైటు స్విచ్చికే కలిపేయండి, పెద్దవాళ్ళు వేరే స్విచ్చి వేసుకోరు. తలుపు కింద అంగుళం సందు వదిలితేనే ఫ్యాను గాలి లాగుద్ది. ఇన్వర్టరు, బ్యాటరీ మెట్ల కిందే ఉంటే ముందు వాటిని మార్చండి.

వాష్ బేసిన్ లోపల పెట్టాలని చూడొద్దు, బయట వరండాలో పెట్టండి. బకెట్టుకు మటుకు జాగా వదలండి. జెట్ స్ప్రే ఉంది కదా అని మేము బకెట్టు తీసేశాం, అమ్మ మర్నాడే చెంబు, చిన్న బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టుకుంది. ఆ పది అంగుళాల చోటు కుడి చేతి వైపు, కాళ్ళకు అడ్డం రాని మూలన ముందే గీసుకోండి.

వాస్తు గురించి కూడా అడిగారు. మా ఇంట్లో గొడవంతా దాని మీదే. "ఏందిరా, మెట్ల కింద లెట్రినా, ఎవురన్నా వింటే నవ్విపోతారు" అని అమ్మే మొదట అడ్డం తిరిగింది. సిద్ధాంతి గారు వచ్చి ఈశాన్యం కాదు గదా, వాయవ్యం గదా అని చూసి సరే అన్నారు. మీ మెట్లు ఈశాన్యంలో ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించటం మీ పని, దానికి నా దగ్గర ప్లంబింగ్ ఉపాయం లేదు. నా మటుకు నాకు, ముసురులో అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తడి పెరట్లోకి పోయి కాలు జారటం కంటే పెద్ద దోషం ఇంకోటి కనపడలా.

ల్యాండింగ్ వెడల్పు, మెట్టు ఎత్తు, ట్యాంకులోకి వచ్చే పైపు లోతు, ఈ మూడు కొలిచి ఇక్కడే రాయండి. కమోడ్ ఎక్కడ పెట్టాలో లెక్క కట్టి చెప్తాను. ప్లంబర్‌ను మళ్ళీ పిలిచేది ఆ తర్వాత చూసుకోవచ్చు.