స్పానిష్ క్రియలకు ఇంగ్లీషు దారి ఎందుకు?

స్పానిష్‌లో నియమం తప్పని క్రియల వర్తమానకాల రూపాలు ఎంత చదివినా గుర్తుండటం లేదు, తేలిక దారి ఉందా అని అడిగారు. ఉంది. ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగులోంచి నేర్చుకోండి. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాము అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. స్పానిష్‌లో ఇవే ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్, అవీ అంతే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవారే ప్రతి క్రియకూ ముందు ‘యో’ (నేను), ‘తూ’ (నువ్వు) తగిలిస్తారు.

మాడ్రిడ్‌లో నాతో కలిసి ఉండే గుంటూరు మిత్రుడు సాయంత్రం తరగతులకు వెళ్లేవాడు. అక్కడ రూపాలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పించుకునేవారు. ఒకరోజు పండ్ల దుకాణంలో యజమానురాలు మా ఇద్దరినీ చూసి “దోందే బిబీస్?” అంది. మిత్రుడు పెదవులు కదుపుతూ మొదటి రూపం నుంచి వల్లె వేసుకోవడం మొదలుపెట్టాడు. వెనక జనం పెరుగుతున్నారు. “ఎక్కడ ఉంటారు అంటోంది, ఉంటాము అని చెప్పు” అన్నాను మెల్లగా. “బిబీమోస్ అకీ థేర్కా” అన్నాడు వెంటనే. ఇక్కడే దగ్గర్లో ఉంటామని! తెలుగు క్రియ వినపడగానే స్పానిష్ క్రియ దానంతట అదే వచ్చింది. ఆ తరగతిలో ఈ మాట ఒక్కసారి చెప్పి ఉంటే అతనికి అంత అవస్థ ఉండేది కాదు.

పుస్తకాల మీదా నాకు కోపమే. మూడు పట్టికలు వేసి బెదరగొడతాయి. నేను, నువ్వు, అతను, మేము, మీరంతా, వాళ్లు అనే వరుసలో ‘ఆర్’తో ముగిసే క్రియలకు చివర ఓ, ఆస్, ఆ, ఆమోస్, ఆయిస్, ఆన్. ‘ఎర్’ క్రియలకు ఓ, ఎస్, ఎ, ఏమోస్, ఏయిస్, ఎన్. ‘ఇర్’ క్రియలకు మూడో పట్టిక దేనికి? ‘ఎర్’ రూపాలే, ‘మేము’, ‘మీరంతా’ దగ్గర మాత్రం ఈమోస్, ఈస్ అవుతాయి. మెక్సికో వెళ్లేవారు ‘మీరంతా’ రూపాన్ని వదిలేయవచ్చు, అక్కడ దాని బదులు ‘ఉస్తెదెస్ ఆబ్లాన్’ అంటారు.

గౌరవవాచకం ‘ఉస్తెద్’ పక్కన ప్రథమపురుష (అతను, ఆమె) క్రియ ఎందుకు వస్తుందని ఇంగ్లీషు వాళ్లు తల పట్టుకుంటారు. ‘మీరు మాట్లాడతారు’, ‘ఆయన మాట్లాడతారు’ అనే మనకు అందులో వింత ఏముంది? పైగా మనలా ‘మాట్లాడతాడు’, ‘మాట్లాడుతుంది’ అన్న తేడా కూడా వాళ్లకు లేదు, ఇద్దరికీ ‘ఆబ్లా’యే.

ఒత్తి పలికే చోటు మాత్రం చెవితో పట్టుకోవాలి. ‘ఆబ్లో’లో మొదటి అక్షరం ఒత్తితే ‘మాట్లాడతాను’, చివరిది ఒత్తితే ‘అతను మాట్లాడాడు’. రాతలో రెండోదానికి చివరి ‘ఓ’ మీద గుర్తు ఉంటుంది, కానీ పలకడం కాగితం చూస్తే రాదు, రోజూ పైకి చదవండి.